మలివయస్సున పట్టణవాసము: లాభనష్టములు



మన గూడూరు చుట్టుప్రక్కల నేడు ఏ యింటి అరుగుపై నలుగురు కూర్చున్నను, వానల మాటయు కాలువ నీటి మాటయు ముగిసిన పిమ్మట వచ్చు మాట యొక్కటే. పిల్లలు పట్టణమునకు రమ్మనుచున్నారు, పోవలెనా, మానవలెనా? కుమారుడు విజయవాడలోనో బందరులోనో ఉద్యోగము చేయుచుండును. కుమార్తె గుడివాడలో కాపురముండును. ఇచట పూర్వుల నాటి యిల్లు, పెరటిలో నాలుగు కొబ్బరిచెట్లు, ఊరి వెలుపల రెండు మూడెకరముల మాగాణి. వాని నడుమ అరువదియో డెబ్బదియో నిండిన దంపతులు. పిల్లల పిలుపు ప్రేమతో కూడినదే. అయినను పెద్దలకు నిద్ర పట్టదు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పువాడు ప్రశ్నను సాంతముగ విననివాడు. కనుక ఇరువైపుల నున్న మంచి చెడ్డలను త్రాసున నుంచి తూకము చూచెదము.

మన ధర్మశాస్త్రములు గృహస్థునకు తల నెరసి, ఒడలు ముడుతలు పడి, మనుమడు కలిగిన పిమ్మట వనమునకు పొమ్మని విధించినవి. నేటి గృహస్థుడు మనుమని ముఖము చూచుటకే నగరమునకు పోవలసి వచ్చినది. వానప్రస్థము పోయి నగరప్రస్థము వచ్చిన దనవచ్చును. ఈ రెంటికి నొక భేదము కలదు. వనమునకు పోవువాడు ఎవ్వరి పిలుపునకును పోడు, ఎవ్వరి పంచను ఉండడు. నగరమునకు పోవువాడు తన యింటి యజమానత్వమును విడిచి, మఱియొకరు యజమానులుగ నున్న యింట చేరును. ఆ యొకరు కన్నకొడుకే యైనను ఈ భేదము భేదమే. దీనిని మనస్సున నుంచుకొని ముందుకు పోవుదము.

పట్టణమనగా ఏ పట్టణమో మొదట నిర్ణయించుకొనవలెను. హైదరాబాదు, చెన్నపట్టణము, బెంగుళూరు వంటి మహానగరముల ప్రసక్తి నేడు వలదు. జనగణన శాఖవారు లక్ష జనము నిండిన ఊరిని మొదటి తరగతి పట్టణమందురు. 2011 లెక్కల ప్రకారము గుడివాడలో 1 లక్షా 18 వేల మందియు, బందరులో 1 లక్షా 70 వేలకు కొంచెము తక్కువయు ఉండిరి. విజయవాడ జనము అప్పటికే 10 లక్షలు దాటెను. మొదటి రెండును మధ్యరకపు పట్టణములు, మూడవది నగరము. మనవారిలో పెక్కురు పోవునది ఈ మూడింటికే గనుక నా మాటలు వీనిని గూర్చియే.

ఊరు విడుచుట మనకు క్రొత్త గాదు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱినవి. ఆ నీటితో పండిన వరి మీద మిగిలిన ధనమే మన తాతల కాలమున బిడ్డలను పట్టణపు చదువులకు పంపినది. అనగా మన పొలములే మన పిల్లలకు పట్టణపు దారి చూపినవి. పండితులును పోయిరి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు గోదావరీ మండలమునుండి వచ్చి బందరు హిందూ హైస్కూలున తెలుగు పండితులుగ నుండుటచేతనే, నందమూరునుండి చదువునకు వచ్చిన విశ్వనాథ సత్యనారాయణగారికి ఆ గురువు లభించెను. గురువును పల్లె విడిచెను, శిష్యుడును పల్లె విడిచెను. తెలుగు సాహిత్యమునకు లాభము కలిగెను. కూచిపూడినుండి మద్రాసు చేరిన వెంపటి చినసత్యముగారు 1963లో అచట కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పి, మన పల్లె నాట్యమును లోకమునకెల్ల చూపిరి. వారు పోకయుండిన ఆ కీర్తి ఈ సీమ దాటుటకు ఇంకెంత కాలము పట్టెడిదో!

అయితే పట్టణములును శాశ్వతములు కావు. బందరు చరిత్రమే ఇందుకు సాక్షి. 1611లో ఆంగ్లేయులు వర్తకమునకై కోఠి పెట్టిన రేవు అది. 1864 నవంబరు 1వ తేదిని వచ్చిన తుపాను ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పిదప రైలుమార్గముల కూడలి యగుటచే బెజవాడ పెరిగెను, బందరు వెనుకబడెను. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయము పిదప హైదరాబాదునకు తరలెను. 2020 ఏప్రిల్ 1వ తేదిని ఆ బ్యాంకే యూనియన్ బ్యాంకులో కలిసిపోయెను. 2022లో జిల్లాలను విభజించినపుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయి, కృష్ణా జిల్లాకు బందరే ముఖ్యపట్టణముగ మిగిలెను. 2023లో బందరున క్రొత్త రేవు పనులు ఆరంభమైనవి. బ్యాంకు తరలును, కచ్చేరి తరలును. మన కుమారుని యుద్యోగము తరలదని ఎవ్వరు చెప్పగలరు? ఒక పట్టణపు వైభవమునకు గాని, ఒక యుద్యోగపు తావునకు గాని మన మలివయస్సును ముడివేయుట తగదు.

ఇక తూకమునకు వత్తము. ఉండదగిన ఊరెట్టిదో సుమతి శతకకారుడు చిన్న పద్యమున చెప్పెను. మనమందఱము బాల్యమున వల్లించితిమి. అవసరమునకు ధనము సర్దువాడు, రోగము కుదుర్చువాడు, ఎండిపోని నీరు, విద్య యెఱిగిన విప్రుడు, ఈ నాలుగును లేని చోట నుండవలదని దాని తాత్పర్యము. ఇంతకంటె మంచి కొలబద్ద నాకు కనబడలేదు. ఈ నాలుగింటిచేతను పల్లెను, పట్టణమును కొలిచి చూతము.

మొదట వైద్యుడు. మన వయస్సున ఇదియే పెద్ద కారణము. ఇందు పట్టణము వైపే త్రాసు మొగ్గును. జ్వరమునకు, రక్తపు పోటుకు, మధుమేహపు మాత్రలకు ఊరి వైద్యము చాలును. గుండెపోటు వచ్చినచో గాని, పక్షవాతము తగిలినచో గాని గడియారమే ప్రాణమును నిర్ణయించును. మెదడు నాళములో గడ్డకట్టిన రక్తమును కరిగించు సూదిమందు నాలుగున్నర గంటల లోపల పడవలెను. ఎంత ముందు పడిన అంత మేలు. అందులోను తలను స్కాను తీసి చూచిన తరువాతనే ఆ మందిత్తురు. కావున స్కాను యంత్రమును దానిని చదువు వైద్యుడును ఉన్న చోటికి చేరుటకు పట్టు కాలమే లెక్క. 2005లో మొదలైన 108 వాహనము ఈ కాలమును తగ్గించినది. 2023లో బందరున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. గూడూరువారు పెద్దబాటపై నున్నవారు. బందరు చేరుటకు బండిపై అర్ధగంట చాలును. కనుక గూడూరున ఉండుటకును బందరున ఉండుటకును వైద్యమున భేదము ఆ అర్ధగంట మాత్రమే. నాగాయలంక, కోడూరు వైపు దీవిసీమ లోపలి పల్లెలవారికి ఈ లెక్క పొసగదు; వారికి దూరము నిజముగ దూరమే. అట్లే మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడు మాఱులు రక్తశుద్ధి చేయించుకొనవలసిన వారికి పట్టణవాసము విధి. అట్టివారు ఈ ప్రసంగము ముగియు వఱకు ఆగనక్కఱ లేదు, నేడే పోవలెను.

వైద్యముతో ముడిపడిన మాట మఱియొకటి కలదు. దానిని మగవారు తఱచుగ మఱతురు. పల్లెయింట ఆడువారి శ్రమ ఎంతటిదో వారే యెఱుగుదురు. వాకిలి చిమ్మి కల్లాపి చల్లుట, పెరటి దాక పలుమాఱు నడచుట, ఎత్తు గడపలు దాటుట, వచ్చినవారికెల్ల కాఫీ ఇచ్చుట, ఇవి యన్నియు అరువదియైదేండ్ల మోకాళ్ళ మీద పడును. ఈ విషయము మా యింట చర్చకు వచ్చినపుడు నా భార్య ఇట్లనెను: "మీకు అరుగు కావలెను. నాకు మెట్లు లేని యిల్లు కావలెను. ఏ యూరైన నేమి?" ఆ మాటతో నా వాదములో సగము తగ్గిపోయెను. అరుగుపై కూర్చుండువాడు ఊరి సుఖమును లెక్కపెట్టునపుడు, లోపల వంట చేయు మనిషి కష్టమును గూడ అదే కాగితముపై వ్రాయవలెను. ఈ ప్రశ్నకు ఇంటి యిల్లాలిని అడుగక నిర్ణయము చేయువాడు సగము లెక్కయే చేసినవాడు.

రెండవది ధనము. పల్లెలో కరివేపాకు, మునగకాడ, అరటియాకు, కొబ్బరికాయ కొనువాడు లేడు. మినుములు మన పొలములోనివే. వరి కోతకు కొలది దినములు ముందు చేనిలో చల్లినచో, ఆ పదును మీదనే పండి యింటికి వచ్చును. పట్టణమున గడప దాటిన వెంటనే సంచిలో చేయి పెట్టవలెను. ఒక ఉదాహరణము చూతము. నెలకు 30,000 రూపాయలు పింఛను వచ్చు దంపతులకు పల్లెలో 15,000 చాలుననుకొందము. పట్టణమున వేఱు కాపురమైనచో అద్దెకు 8,000 చేర్పుడు. పాలు, కూరలు, విద్యుత్తు, ఆటో కిరాయి కలిపి మఱి 5,000 చేర్పుడు. నెలకు 28,000 అయ్యెను. మిగిలినది 2,000. జబ్బు పడిన నెలలో అది చాలదు. పింఛను లేని రైతునకు ఈ లెక్క మఱింత కఠినము. అపుడు అందఱు చెప్పు సలహా ఒక్కటే: "పొలము అమ్మివేయుడు." ఇక్కడనే నిలిచి ఆలోచింపవలెను.

పొలము అమ్మిన సొమ్ము బ్యాంకున వేసినచో వడ్డీ వచ్చును, నిజమే. కాని ఆ సొమ్ము పెద్దల చేతిలో నిలుచుట అరుదు. కొడుకు ఫ్లాటునకు కొంత, మనుమని చదువునకు కొంత, కూతురి యవసరమునకు కొంత వెళ్ళిపోవును. ఇచ్చుట తప్పని నేననను. ఇచ్చిన పిదప మన మాటకు విలువ యెంతయుండునో ఆలోచించి ఇయ్యవలెను. భూమి యున్న తండ్రి "నేను ఊరికి పోయెదను" అన్నచో అది నిర్ణయము. భూమి లేని తండ్రి అదే మాట అన్నచో అది అలుక.

ఆస్తి పిల్లలకు వ్రాయదలచువారు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును తప్పక తెలిసికొనవలెను. అందులోని 23వ విభాగము ప్రకారము, అరువది యేండ్లు నిండినవారు తమకు కావలసిన వసతులు, పోషణ జరుపవలెనను నిబంధనతో ఆస్తిని దానముగ గాని మఱియొక విధముగ గాని ఇచ్చినచో, పుచ్చుకొన్నవారు ఆ నిబంధన తప్పినపుడు, ఆ దస్తావేజును రద్దు చేయుమని ట్రిబ్యునలును కోరవచ్చును. ఇందు కీలకమైన మాట నిబంధన. దానపత్రములో "నన్నును నా భార్యను జీవితాంతము పోషింపవలెను" అని స్పష్టముగ వ్రాయింపుడు. "మా అబ్బాయి వద్ద అట్టి మాట వ్రాయించుటయా!" అని మొగమాటపడి, ఆ వాక్యము లేక వ్రాసి యిచ్చి, పిదప ట్రిబ్యునలున ఋజువునకు తడుముకొనుట ఎందులకు? మంచి కొడుకునకు ఆ వాక్యము వలన నష్టము లేదు.

కౌలుకిచ్చి పోవుటకు భయపడువారు కొందఱు కలరు. "కౌలుదారునకు కార్డు ఇచ్చినచో భూమి పోవును" అందురు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము ఆ యొప్పందము 11 నెలలకే చెల్లును. భూమిపై యజమాని హక్కు చెక్కుచెదరదు. కౌలుదారునకు పంటఋణము, నష్టపరిహారము అందుటకే ఆ కార్డు. భయపడవలసినది వేఱొకటి కలదు. 2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల రీసర్వే మొదలైనది. సర్వేయరు గట్టు మీద నిలిచినపుడు యజమాని ప్రక్కన నుండవలెను. ఊరు విడిచినవాని గట్టు కదలుట సులభము. కావున పట్టణమునకు పోవువారు పాసుపుస్తకము, 1బి, అడంగలు తమ పేరున సరిగా ఉన్నవో లేవో చూచుకొని, హద్దులు కొలిపించుకొనిన పిమ్మటనే పోవలెను.

మూడవది నీరు. డెల్టా చివరి భూములలో ఉన్న మనకు ఈ కష్టము తెలియనిది కాదు. సముద్రము చేరువ యగుటచే బావి నీరు ఉప్పన. కాలువ వచ్చినపుడు చెఱువు నింపుకొని త్రాగవలెను. పట్టణమున కుళాయి త్రిప్పిన నీరు వచ్చునని మన యాశ. ఇందొక వింత కలదు. బందరువారి కుళాయిలలో వచ్చు నీటిని నిలువ చేయునది మన గూడూరు మండలములోని తరకటూరు చెఱువున. మనము ఎక్కడికి పోయినను మన చెఱువు నీరే త్రాగుదుము!

నీటికి రెండవ ముఖము వరద. 1977 నవంబరు 19వ తేదిని దీవిసీమను ముంచిన ఉప్పెనను మనలో పెక్కురు కన్నులార చూచిరి. సుమారు 10,000 మంది పోయిరి. ఆ భయముచే "పల్లె కంటె నగరము భద్రము" అనుట సహజము. అయితే 1990 మే నెలలో బందరుకు చేరువనే పెద్ద తుపాను తీరము దాటినపుడు, లక్షలాది జనమును ముందుగనే తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోపుగ నుండెను. తీరపు పల్లెలు హెచ్చరికను విని కదలుట నేర్చినవి. మఱి నగరము? 2024 సెప్టెంబరు మొదటి దినమున బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మున్నగు పేటలను ముంచెను. మేడలపై చిక్కినవారు పాలకు, మంచినీటికి పలుదినములు పడవల కొఱకు ఎదురుచూచిరి. కనుక నగరములో ఇల్లు చూచునపుడు అద్దె ఎంతయని అడుగుటతోపాటు, 2024లో ఇచట నీరెంత నిలిచెనని గూడ అడుగవలెను.

నాలుగవది విద్య యెఱిగినవాడు, అనగా సత్సాంగత్యము. విజయవాడలో 1911 నాటి రామమోహన గ్రంథాలయము కలదు. ఏటేట పుస్తక ప్రదర్శనము జరుగును. సభలకు, హరికథలకు, పురాణ ప్రవచనములకు కొఱత లేదు. చదువరియగు వృద్ధునకు ఇది భాగ్యమే. పల్లెలో విద్య లేదనుటయు పొరపాటు. మా ప్రక్కనున్న చిట్టిగూడూరు సంస్కృత కళాశాలలో చదివి, జిల్లా యంతట తెలుగు పండితులైనవారెందఱో కలరు. పట్టణపు సభకును పల్లె అరుగునకును గల భేదము వేఱు. సభలో నేను శ్రోతను. నేను రాకున్నను సభ జరుగును. అరుగుపై నన్ను అడుగుదురు: ముహూర్తము అడుగుదురు, అర్జీ వ్రాసి పెట్టుమందురు, మనుమనికి పేరు పెట్టుమందురు. వయస్సు మళ్ళినవానికి వినుట ఆనందమే, కాని తన మాట మఱియొకరికి అక్కఱకు వచ్చుట ఊపిరి. పట్టణమునకు పోయిన పెద్దలు చిక్కిపోవుటకు తిండి కంటె ఇదియే ముఖ్య కారణమని నేననుకొందును.

ఈ నాలుగింటి పిదప నేనొక యైదవ దానిని చేర్చుచున్నాను. శతకకారుని కాలమున దానిని చెప్పనక్కఱ లేకుండెను. నేడు చెప్పవలసి వచ్చినది. అది తలుపు తట్టువాడు. ఒక దినమున మనము తలుపు తెఱువకున్నచో, ఏమయ్యెనని వచ్చి తట్టు మనిషి.

ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట నేనును నా భార్యయు విజయవాడలో మా కుమారుని యింట పదినెలలుంటిమి. నాలుగవ అంతస్తు. కోడలు మమ్ము లోటు లేక చూచుకొనెను. అచట ఎదురు ఫ్లాటులో నా యీడు పెద్దమనిషి యొకరుండెడివారు. లిఫ్టులో కలిసినపుడు నమస్కారము చేసికొనెడివారము. ఒక వారము వారు కనబడలేదు. కాపలాదారు నడుగగా, వారు ఆసుపత్రిలో మరణించి రెండు దినములైనదని చెప్పెను. మా తలుపునకును వారి తలుపునకును నడుమ ఆఱడుగులు. ఇందు ఎవ్వరి తప్పును లేదు. తలుపులు మూసికొని యుండుట అచటి మర్యాద.

ఇది విని "చూచితిరా, పల్లెయే మేలు" అని తొందరపడకుడు. పల్లెయు మునుపటిది కాదు. మన వీథులలోనే చూడుడు, ఎన్ని యిండ్లకు తాళములు వ్రేలాడుచున్నవో! మా యెఱుకలోని యొక వృద్ధుడు రాత్రి పెరటిలో జాఱిపడి తుంటి యెముక విఱిగి, తెల్లవాఱు వఱకు అచటనే పడియుండెను. పిలిచెను, విన్నవారు లేరు. కుడి ప్రక్క యింటివారు హైదరాబాదులో, ఎడమ ప్రక్కవారు అమెరికాలో. పాలు పోయువాడు వచ్చి చూచుటచే ప్రాణము దక్కెను. కాబట్టి "ఉన్న ఊరు కన్నతల్లి" అను సామెతను చెప్పుకొని ఊరక కూర్చుండుట చాలదు. కన్నతల్లికి గూడ వయస్సు మళ్ళినది. తలుపు తట్టువాడు ఉన్నాడో లేడో ఎవరి వీథిలో వారు లెక్కపెట్టుకొనవలెను. పది యిండ్లలో ఆఱు తెఱచియున్నచో ఆ వీథి ఇంకను ఊరే. రెండే తెఱచియున్నచో అచట ఉండుట నగరపు ఒంటరితనమును నగరపు వైద్యము లేక అనుభవించుట.

ఇన్ని విధముల కొలువగా నాకు తేలినది చెప్పెదను. పోవుటా, ఉండుటా అను ప్రశ్న కంటె ముఖ్యమైనది, తిరిగి రాగల దారి నిలుపుకొని పోవుచున్నామా లేదా యనునది. ఇల్లు, పొలము అమ్మివేసి ఒక్కమాఱుగ పోయినవారికి పట్టణము నచ్చినను నచ్చకున్నను ఒక్కటే. నా మిత్రుడొకరు అట్లే పోయిరి. రెండేండ్లు తిరుగక మునుపే కుమారుని యుద్యోగము పుణెకు మాఱెను. భాష తెలియని ఊరికి కొడుకు వెంట పోవుటయో, తెలియని వీథిలో ఒంటిగ నుండుటయో తప్ప వారికి మూడవ దారి లేకపోయెను. ఇంటిని నిలుపుకొనియున్నచో ఆ మూడవ దారి యుండెడిది.

మేము విజయవాడనుండి వచ్చి గూడూరునకు చేరలేదు, అచటనే నిలువలేదు. బందరులో ఆసుపత్రికిని బస్సులు నిలుచు చోటునకును నడచి పోగల దూరమున, నేల అంతస్తులో చిన్న యిల్లు అద్దెకు తీసికొంటిమి. గూడూరి యింటిలో ఒక చేనేత కుటుంబమును ఉంచితిమి. అద్దె నామమాత్రము, కాని ప్రతి సాయంకాలము దీపము వెలుగును, చెదలు పట్టదు. వారమునకు రెండు మాఱులు పోయివత్తుము. 2025 ఆగస్టు 15వ తేది మొదలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడువారికి టిక్కెట్టు లేకపోవుటచే నా భార్య నాకంటె తఱచుగ పోవుచున్నది! ఇది అందఱికి తగిన మార్గమని చెప్పను. పల్లెకును మహానగరమునకును నడుమ, ఇంటికి పోయి అదే దినమున తిరిగి రాగల మధ్యరకపు పట్టణము ఒకటి యున్నదని మనవారు తఱచుగ మఱతురు. దానిని జ్ఞాపకము చేయుటయే నా యుద్దేశము.

పోవ నిశ్చయించినవారికి కొన్ని మాటలు. కాళ్ళు ఆడుచున్నపుడే పొండు. మంచము పట్టిన పిమ్మట పోయినవానికి పట్టణమనగా ఒక గది, ఒక కిటికీ. వీథులు తెలియవు, మనుష్యులు తెలియరు. మొదట ఒక యేడాది పరీక్షగ నుండుడు. ఎండాకాలము, వానకాలము, పండుగలు అన్నియు ఒక్కమాఱు అచట గడిచిన పిదప గాని ఏ దస్తావేజు మీదను సంతకము పెట్టకుడు. ఇల్లు చూచునపుడు గదుల సంఖ్య కంటె కూరల అంగడి, మందుల అంగడి, గుడి ఎంత దూరమో చూడుడు. సాధ్యమైనచో కొడుకు యింటికి పిలిచిన వినునంత చేరువలో వేఱు పొయ్యి పెట్టుకొనుడు. ప్రేమయు నిలుచును, స్వాతంత్ర్యమును నిలుచును. వృద్ధాప్య పింఛను 2024 జూలై మొదలు నెలకు 4,000 రూపాయలైనది. దానిని క్రొత్త చిరునామాకు మార్పించుకొనుడు. రేషను బియ్యము కార్డు చూపి ఏ యూరనైన తీసికొనవచ్చును. క్రొత్త వీథిలో చేరిన మొదటి వారముననే ఇరుగు పొరుగు రెండిండ్లకు పోయి పేరు చెప్పి, మన పిల్లల ఫోను సంఖ్య వ్రాసి యిచ్చి, వారిది వ్రాసికొని రండు. వారు మన తలుపు తట్టవలెనన్న, ముందుగ మనము వారిది తట్టవలెను.

ఉండ నిశ్చయించినవారికి రెండే మాటలు. ఇంటిలో జాఱుడు నేలను సరిచేయించి, స్నానపు గదిలో పట్టుకొనుటకు ఇనుప కమ్మి వేయించి, పెరటిలోనికి దీపము పెట్టింపుడు. వృద్ధుల ప్రాణమునకు తుపాను కంటె తడి నేల చేటు. రెండవది, వీథిలో మిగిలిన పెద్దలందఱు కలిసి ఒక కట్టుబాటు చేసికొనుడు: ప్రతి యుదయము ప్రక్కింటి తలుపు తెఱచుకొనెనో లేదో చూచుట ఒకరి విధి. దీనికి ధనము అక్కఱ లేదు, ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱ లేదు.

పిల్లలు పిలుచుచున్నారని కోపపడకుడు. పిలువని పిల్లలు గల తల్లిదండ్రులను తలచుకొనుడు. పోయినవానిని ఊరు విడిచిన ద్రోహి యనకుడు, ఉన్నవానిని మొండివాడనకుడు. ఎవని మోకాళ్ళు, ఎవని గుండె, ఎవని వీథి వానికే తెలియును. ఐదు కొలతలతో కొలుచుకొని, ఇంటి యిల్లాలితో ఆలోచించి, తాళపుచెవి మీ చేతిలోనే యుంచుకొని నిర్ణయింపుడు. అట్లు చేసిన నిర్ణయము బందరైనను, బెజవాడయైనను, గూడూరే యైనను మీకు మేలే చేయును.